మడ అడవిలో ఒక సీజను

2023 అక్టోబరు 8, ఆదివారం
ముక్తేశ్వరం

రేపటి నుంచి కోరంగిలో పని. మార్చి నెలాఖరు దాకా. మడ అడవి ఎండిపోయిన చోట మళ్ళీ మొక్క లేచేలా చూడాలి. లేచిన మొక్క బతుకుతోందో లేదో లెక్క రాయాలి. ఈ సీజనుకి నా పని అదే.

గోదావరి మీద మనకి రెండు పెద్ద అడవులున్నాయి. నది కొండల్ని చీల్చుకుని వచ్చే చోట పాపికొండలు, 2008లో జాతీయ ఉద్యానం అయింది. నది సముద్రంలో కలిసే చోట కోరంగి, 1978లో అభయారణ్యం అయింది, 235.7 చదరపు కిలోమీటర్లు. మొదటిదాని పేరు అందరికీ తెలుసు, లాంచీ ఎక్కి చూసి వస్తారు. రెండోది మా రేవుకి దిగువనే ఉన్నా, మా ఊళ్ళో చాలామంది చూడలేదు. నేనూ డిగ్రీలో వృక్షశాస్త్రం చదివేదాకా చూడలేదు.

సెప్టెంబరు 28న ఎం.ఎస్. స్వామినాథన్ గారు పోయారు. పేపర్లన్నీ వరి, గోధుమ గురించే రాశాయి. మడ అడవుల కోసం ఆయన చేసింది ఒక్క వాక్యంలో సరిపెట్టారు. 1990లో మడ అడవుల అంతర్జాతీయ సంఘం ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. చెన్నైలో ఆయన పెట్టిన పరిశోధనా సంస్థ, మన అటవీ శాఖ, తీరంలోని జాలరి పల్లెలు కలిసి తొంభైల చివర్లో ఈ గోదావరి ముఖద్వారంలో మొదలుపెట్టిన పద్ధతిలోనే నేను రేపటి నుంచి పని చెయ్యబోతున్నాను.

పొద్దున్నే పంటు మీద కోటిపల్లి. అక్కణ్ణుంచి ద్రాక్షారామం, యానాం మీదుగా తాళ్ళరేవు. అక్కడే గది తీసుకున్నాను. అమ్మ ఆవకాయ, కందిపొడి, కొబ్బరి లౌజు కట్టింది. నాన్న మాత్రం "గొడుగు వద్దు, టోపీ పట్టుకెళ్ళు, చేతులు ఖాళీగా ఉండాలి" అన్నారు.

అక్టోబరు 14, శనివారం, అమావాస్య

అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ. నీరు ఎందాకా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడాలంటే ఈ రోజుల్లోనే వెళ్ళాలి. సరంగు బాబాయి తెల్లారకుండానే బోటు తీశాడు.

పాయ ఒడ్డున అంతా పచ్చగానే ఉంది. నీటి అంచున ఆల్చి, దాని వెనక తెల్ల మడ, నల్ల మడ, మధ్యమధ్య గుగ్గిలం. పడవలోంచి చూసేవాళ్ళకి అడవి నిండుగా ఉన్నట్టే ఉంటుంది. బురదలో దిగి ఆ పచ్చటి తెర దాటి లోపలికి నడిచాక కనిపించింది అసలు సంగతి. చెట్టు లేదు, గడ్డి లేదు. నేల మీద తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. అంచుల్లో ఇలకూర మాత్రం ఎర్రగా పాకింది.

దీన్ని ఎవరో ఒక్కరోజులో నరికేసి ఉంటారనుకుంటాం. కథ అంతకంటే పాతది. ఒకప్పుడు వంటచెరకు కోసం అడవిని కూపులుగా విడగొట్టి, ఒక్కో కూపు మొత్తంగా కొట్టేవారు. నీడ పోయాక ఎండ నేరుగా బురద మీద పడింది. బురద ఎండి కుంగింది. కుంగిన చోట పళ్ళెంలా గుంట పడింది. పెద్ద పోటుకి ఆ గుంటలోకి నీరు వస్తుంది, పాటుకి తిరిగి వెళ్ళలేదు. ఎండకి నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. మళ్ళీ పోటు, మళ్ళీ ఉప్పు. సముద్రపు నీటిలో వెయ్యికి 35 వంతులు ఉప్పు ఉంటే, ఇలాంటి గుంటల్లో రెట్టింపు దాటిపోతుంది. ఉప్పుని తట్టుకోవడం మడ చెట్టుకి పుట్టుకతో వచ్చిన విద్య. ఆకు మీదుగా ఉప్పుని బయటికి పంపేస్తుంది. అయినా ఆ విద్యకీ ఒక హద్దుంది. ఇక్కడ గింజ పడినా మొలవదు.

గొడ్డలి ఆగిపోయి ఎన్నో ఏళ్ళయినా అడవి తిరిగి రాకపోవడానికి కారణం ఇదే. కాపలా పెట్టినంత మాత్రాన సరిపోదు. నీటికి దారి తెగిపోయింది. ముందు ఆ దారి వెయ్యాలి.

అక్టోబరు 28, శనివారం, పున్నమి

రాత్రికి పాక్షిక చంద్రగ్రహణం. పల్లెల పర్యావరణ అభివృద్ధి కమిటీ (ఈడీసీ) ఆడవాళ్ళు తొందరగా పని ముగించి వెళ్ళిపోవాలని పొద్దున్నే వచ్చేశారు. ఈ వారమంతా గింజలు ఏరడమే.

తెల్ల మడ కాయ చిన్నది, పైన బూడిదరంగు నూగు. చెట్టు మీద ఉండగానే లోపల మొలక సిద్ధమవుతుంది. రాలిన కాయని రాత్రంతా నీళ్ళలో వేస్తే పైతొక్క ఊడి, మందమైన ఆకుపచ్చ బద్దలు విచ్చుకుంటాయి. పురుగు తొలిచినవి పక్కన పెట్టాలి. మంచివాటిని పాయ బురద నింపిన సంచుల్లో సగం దాకా గుచ్చాలి. పొన్న అలా కాదు. చెట్టుకి వేలాడుతూనే మూరెడు పొడవు మొలక సాగుతుంది. దాని మెడ దగ్గర రంగు మారితేనే పక్వానికి వచ్చినట్టు. అంతకుముందు తెంపితే నాటినా లాభం లేదు.

నర్సరీకి చోటు ఎంచడంలో ఇక్కడివాళ్ళ తెలివి చూడాలి. రోజూ పోటు వచ్చి సంచుల్ని తడిపి పోవాలి, ములిగిపోయేంత రాకూడదు. నేను పటం చూసి ఒక చోటు అనుకున్నాను. పెద్దమ్మ ఒకావిడ కాలితో బురద నొక్కి చూసి, "ఇక్కడ పీతలు ఎక్కువండమ్మా, మొలకలు కొరికేత్తాయి. ఆ పక్కకి వెళ్దాం" అంది. ఆవిడ చెప్పిన పక్కకే వెళ్ళాం.

ఆవిడ చిన్నప్పట్నుంచి పీతలు పట్టిన మనిషి. ఏ చెట్టు కింద ఏ పీత ఉంటుందో, ఏ నెలలో రొయ్య పిల్ల మడ వేళ్ళలోకి చేరుతుందో ఆవిడకి తెలుసు. తిల్ల చెట్టు దగ్గరికి వెళ్తుంటే నన్ను చెయ్యి పట్టి ఆపింది. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని పుస్తకంలోనూ చదివాను. ఆవిడ మాత్రం కొమ్మ ఏ వైపు నుంచి తప్పించి దాటాలో చూపించింది.

నవంబరు 6, సోమవారం

ఈ తారీఖు కోనసీమలో ఎవరూ మర్చిపోరు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. మా ఊళ్ళో తోటలకి తోటలే నేలకొరిగాయని, తెల్లారి చూస్తే ఇంటినుంచి గోదావరి గట్టు కనిపించిందని అమ్మ చెబుతుంది. కొబ్బరి చెట్టు మళ్ళీ కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది. ఈలోగా ఎన్ని ఇళ్ళలో ఆడపిల్లల చదువులు ఆగిపోయాయో.

ఇవాళ భోజనాల దగ్గర ఆ మాటే వచ్చింది. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు చాలామంది వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆ రాత్రి ఊళ్ళో ఉన్నవాళ్ళ సంగతి అడిగితే సరంగు బాబాయి ఒక్కటే చెప్పాడు: "మడ దట్టంగా ఉన్న పక్క నీటి జోరు విరిగిపోయిందమ్మా. పర్ర ఖాళీగా ఉన్న పక్క విరగలేదు."

ఈ తీరానికి ఇది కొత్త కాదు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవుని తుడిచిపెట్టింది. అంతకుముందు 1789లోనూ ఇలాగే. ఓడలు కట్టిన ఊరు, బర్మాకి జనాన్ని పంపిన ఊరు, ఇవాళ బస్సు ఒక నిమిషం ఆగే స్టాపు. మడ ఉంటే ఉప్పెన రాదని ఎవరూ అనరు. అలల పొగరు కొంత అణుగుతుంది. ఊపిరి వేళ్ళు, ఊత వేళ్ళు, దట్టమైన కాండాలు నీటిని ఎక్కడికక్కడ నిలువరిస్తాయి. ఆ కొంచెమే గుడిసెలో ఉన్న మనిషికి చెట్టెక్కే వ్యవధి ఇస్తుంది.

నవంబరు 27, సోమవారం
ముక్తేశ్వరం

కార్తీక పున్నమి, పైగా సోమవారం. రేవు కిటకిటలాడింది. కోటిపల్లి సోమేశ్వరుడి దగ్గర తెల్లవారుజాము నుంచి స్నానాలు. పంటులో నిలబడటానికి చోటు లేదు. ఇంటికొచ్చి క్షణ ముక్తేశ్వరుడి గుళ్ళో దీపం పెట్టాను.

సాయంత్రం నాన్నతో తోటలో తిరుగుతూ కోరంగిలో తవ్వుతున్న చేపముల్లు కాలవల గురించి చెప్పాను. పాయ నుంచి పెద్ద కాలవ ఒకటి తవ్వుతాం, ఎండిన గుంట మధ్యలోంచి. దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలవలు, చేప వెన్నెముకకి ముళ్ళలాగా. పోటు వచ్చినప్పుడు పెద్ద కాలవ నిండి పిల్ల కాలవల్లోకి పాకుతుంది. పాటుకి అదే దారిన ఉప్పు కరిగించుకుని వెనక్కి పోతుంది. కొన్నాళ్ళకి నేల మెత్తబడుతుంది. అప్పుడు కాలవ వాలు మీద మొక్క నాటుతాం. తరవాత తరవాత పోటే గింజలు తెచ్చి జల్లుతుంది.

నాన్న అంతా విని, చేత్తో బోదె చూపించి, "ఇదే కదమ్మా. బోదె పూడితే తోట పోయినట్టే. తవ్వడం ఒకరోజు పని. పూడిక తియ్యడం ఏటేటా పని. అది ఎవరు చేస్తారు అక్కడ?" అన్నారు.

ఆ ప్రశ్న రాత్రంతా వదల్లేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు పూడిపోయిన మురుగు కాలవల మాటా గట్టిగా వినిపించింది. నీరు రావడం గురించి కాటన్ దొర కాలం నుంచీ ఆలోచించాం. నీరు పోవడం గురించి అంత ఆలోచించలేదు. వరి చేలో ఏది నిజమో మడ అడవిలోనూ అదే నిజం.

డిసెంబరు 7, గురువారం

మిచౌంగ్ తుపాను మొన్న ఐదో తారీఖున బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు అంచు మాత్రమే తగిలింది. ఆ అంచుకే కోసిన వరి పనలు నీళ్ళలో ములిగాయి. కోటిపల్లి దారంతా రైతులు ధాన్యం తిరగబోస్తూ కనిపించారు. మా ఇంట్లో అరటి పడిపోయింది. నాన్న ఫోన్లో "చెట్లు ఉన్నాయి, మనుషులు ఉన్నారు" అని పెట్టేశారు.

నర్సరీలో కొన్ని వరసలు బురద కింద పోయాయి. మిగిలినవాటిని సంచి సంచీ కడిగి నిలబెట్టాం. ఆడవాళ్ళు ఎవరూ కూలి సంగతి ఎత్తకుండా చీకటి పడేదాకా ఉన్నారు.

మేలు కూడా జరిగింది. రెండు రోజుల వాన ఎండిన గుంటల మీది ఉప్పుని కరిగించింది. కొత్త కాలవ తెరుచుకున్న చోట ఆ నీరు పాటుతో బయటికి పోయింది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు గాజు మీద చుక్క వేసి చూస్తే తేడా స్పష్టంగా కనిపించింది. కాలవ లేని గుంటలో అదే వాన, అదే నీరు, అక్కడే నిలిచింది. రెండు వారాల ఎండ చాలు, ఉప్పు మళ్ళీ పైకొస్తుంది. ఒకే ఆకాశం కింద పక్కపక్కనే ఉన్న రెండు నేలల మధ్య దూరం ఒక్క పాయ వెడల్పు కూడా లేదు. తేడా అల్లా దారి ఉండటం, లేకపోవడం, అంతే.

2024 జనవరి 6, శనివారం

నాటిన మొక్కల లెక్క మొదలైంది. పది మీటర్లకి పది మీటర్ల గడి. నాలుగు మూలలా గుంజలు, వాటికి రంగు. గడిలో ఉన్న ప్రతి మొక్కా జాతి ఏదో, ఎత్తు ఎంతో, ఆకులు ఎన్ని జతలో రాయాలి. పెద్ద చెట్టయితే ఛాతీ ఎత్తున చుట్టుకొలత. చనిపోయిన మొక్క దగ్గర కూడా ఆగాలి. పీత కొరికిందా, పశువు మేసిందా, గవ్వపురుగులు కాండానికి అంటుకుని బరువుకి వాలిపోయిందా, ఉప్పుకి మాడిందా? బతికినది ఒక్క గీత. చచ్చినదానికి మాత్రం నాలుగు మాటలు రాయాలి. అటుపైన ఏం చెయ్యాలో ఆ నాలుగు మాటలే చెబుతాయి.

ఎన్ని మొక్కలు నాటారు అన్నదే ఎక్కడైనా మొదటి ప్రశ్న. ఫోటోలు కూడా నాటే రోజునే తీస్తారు. 2004 సునామీ తరవాత శ్రీలంకలో ఊరూరా మడ మొక్కలు నాటారు. కొన్నేళ్ళకి పరిశోధకులు 23 చోట్లకి వెళ్ళి చూస్తే తొమ్మిది చోట్ల ఒక్క మొక్కా మిగల్లేదు. నాటినవాళ్ళలో చిత్తశుద్ధి లేక కాదు. నీరు ఎంతసేపు నిలుస్తుందో చూడకుండా, ఏ జాతికి ఏ నేల నప్పుతుందో చూడకుండా, ఖాళీగా కనిపించిన చోటల్లా నాటారు. తరవాత ఎవరూ తిరిగి వెళ్ళలేదు.

కేంద్రం కిందటేడు బడ్జెట్‌లో మడ అడవుల కోసం మిష్టి పథకం ప్రకటించింది. అటవీ సర్వే 2021 నివేదిక ప్రకారం మన రాష్ట్రంలో మడ అడవి 405 చదరపు కిలోమీటర్లు. పథకాలు రావాలి, డబ్బు రావాలి. ఆ డబ్బులో ఒక వాటా నాటడం అయిపోయిన మూడో ఏటికీ ఐదో ఏటికీ కేటాయించాలి. అప్పుడే మొక్క అడవి అవుతుంది.

జనవరి 21, ఆదివారం

నీటి పక్షుల గణన వాళ్ళతో ఒక పూట హోప్ ఐలాండ్ వైపు వెళ్ళాను. పద్దెనిమిది కిలోమీటర్ల దాకా సాగిన ఇసుక దిబ్బ అది. కాకినాడ రేవుకీ ఈ మడకీ సముద్రం వైపు అడ్డుగోడ. ఈ నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒడ్డెక్కేది దాని మీదికే. బురద మేటల మీద సైబీరియా నుంచి వచ్చిన చిన్న చిన్న పక్షులు గుంపులుగా మేస్తున్నాయి. తిరిగొచ్చేటప్పుడు నీటి కుక్కల కుటుంబం ఒకటి పాయ దాటింది.

మా గడుల్లో ఒకదాని పక్కన బావురు పిల్లి అడుగులు కనిపించాయి. నాలుగేళ్ళ కిందట కాలవ తవ్వి నాటిన చోటు అది. మడ ఆకు రాలి కుళ్ళితే దాన్ని పీత తింటుంది. పీతని, చేపని పిల్లి తింటుంది. పిల్లి వచ్చిందంటే కింది వరసలన్నీ సర్దుకున్నాయన్నమాట. నా పట్టికలో దానికి గడి లేదు. అంచున రాసి పెట్టాను.

ఫిబ్రవరి 9, శుక్రవారం, చొల్లంగి అమావాస్య

ఇవాళ చొల్లంగిలో తీర్థం. సప్తసాగర యాత్ర ఇక్కడే మొదలవుతుంది. గోదావరి పాయల్లో తుల్యభాగ ఇక్కడ సముద్రంలో కలుస్తుంది, కోరంగి దగ్గర ఆత్రేయ. అలా ఏడు పాయల సంగమాల్లో మునుగుతూ వెళ్తే, చివరికి అంతర్వేదిలో వాసిష్ఠ దగ్గర యాత్ర ముగుస్తుంది. మా నాయనమ్మ ఒకసారి చేసిందట. పుణ్యం కోసమే వెళ్ళినా, గోదావరి చివరి అంచు అంతా కళ్ళారా చూసే యాత్ర అది.

ఆ యాత్రికులు మునిగే చోట్లన్నీ మంచినీరూ ఉప్పునీరూ కలిసేవే. మడకి కావలసిందీ అదే. ఉప్పుని తట్టుకుంటుందే కాని, ఉప్పు మీదే బతకదు. వరద నీరు ఏడాదికోసారి వచ్చి నేలని కడగాలి, ఒండ్రు పరవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. ఆ మాట వినగానే మా లంకల్లో గొడ్లని గట్టెక్కిస్తారు. ఆ వరదే ఇక్కడికొచ్చి మడకి ప్రాణం పోస్తుంది. వేసవిలో బ్యారేజీ దాటి నీరు రాదు. ఎగువన ఆనకట్టలు కట్టిన కొద్దీ ఒండ్రు తగ్గుతోంది. ఒండ్రు రాని తీరాన్ని సముద్రం కోస్తుంది. ఉప్పాడ వెళ్ళి చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

గోదావరి నీళ్ళ పంపకం మాట వచ్చినప్పుడల్లా ఎకరాలు, టీఎంసీలు, మెగావాట్లు లెక్కకొస్తాయి. సముద్రంలోకి పోయిన నీటిని ‘వృథా’ అంటారు. ఈ సీజనంతా నేను కొలిచింది ఆ వృథా నీరు చేసే పనినే. రొయ్య పిల్ల, పీత, చేప, వాటి మీద బతికే పల్లెలు, ఉప్పెనకి అడ్డు నిలిచే చెట్టు, అన్నీ ఆ నీటి మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ నీటికి లెక్కలో చోటుండాలి.

మార్చి 23, శనివారం

సీజను ముగుస్తోంది. నివేదికలో రాసింది రాశాను. ఇది వచ్చే అక్టోబరులో ఈ పనికి వచ్చేవాళ్ళ కోసం. పుస్తకం నర్సరీ దగ్గర పెద్దమ్మ ఇంట్లో ఇచ్చి వెళ్తున్నాను.

ముందు కాలవలు చూడు, తరవాతే మొక్కలు. పెద్ద కాలవ మొగ దగ్గర ఇప్పటికే ఇసుక మేట వేస్తోంది. వర్షాలకి ముందే పూడిక తీయించమని అడిగాను, డబ్బు మంజూరవుతుందన్నారు. నువ్వొచ్చేసరికి తీసి ఉండకపోతే మళ్ళీ అడుగు. వదలకుండా అడుగు.

పడమటి గుంటలో కొత్తగా నాటొద్దు. అక్కడ మేం నాటనివి, పోటు తెచ్చినవి, వాటంతట అవే లేస్తున్నాయి. వాటి మధ్యలో నడవకు. ఒడ్డు వెంబడే లెక్కపెట్టు.

తూర్పు వైపు గేదెలు దిగుతున్నాయి. కంచె వేస్తే తెంపుతారు. మేపేవాళ్ళతో మాట్లాడు. రెండేళ్ళు వదిలితే ఆ పక్క మళ్ళీ మేతకి ఇచ్చేలా ఈడీసీ పెద్దలు ఒప్పందం చేస్తామన్నారు. దాన్ని ముందుకు నడిపించు.

చచ్చిన మొక్కల లెక్క తగ్గించి రాయమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఆ అంకె ఎంత పెద్దదైనా రాయి. దాని పక్కన కారణం రాయి. ఈ అడవి తిరిగొస్తే నిజం రాసిన పుస్తకాల వల్లా, ఏటా పార పట్టుకుని వచ్చిన మనుషుల వల్లా వస్తుంది. ఆ మనుషులకి ఏడాదిలో ఆరు నెలలే పని ఉంది. మిగతా ఆరు నెలలూ వాళ్ళని ఇక్కడ నిలబెట్టే కూలి కావాలి. నివేదిక చివరి పేజీలో నేను అడిగింది అదొక్కటే. నీ నివేదికలోనూ అడుగు.